క్లిక్‌కు కట్టే డబ్బు ఎవరికి గిట్టుతుంది?

మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏసీ ఆగిపోతే ఆ ఇంట్లోవాళ్లు ముందుగా చేసే పని ఫోన్‌లో వెతకడం. ఫలితాల పేజీలో పైన కనిపించే రెండు మూడు వరుసలకు ‘స్పాన్సర్డ్’ అనే ముద్ర ఉంటుంది. వాటిలో ఒకదాన్ని నొక్కినవాళ్లకు ఖర్చేమీ ఉండదు. ప్రకటన ఇచ్చిన మెకానిక్ ఖాతాలోంచి మాత్రం ఆ క్షణమే కొంత సొమ్ము తెగుతుంది. నొక్కినవాళ్లు ఫోన్ చేసినా, చేయకపోయినా తెగుతుంది. క్లిక్‌కు చెల్లింపు పద్ధతిలో సెర్చ్ ప్రకటన అంటే ఇదే.

పెద్ద కంపెనీలకు ఇది మామూలు ఖర్చు. నెలకు పది వేల రూపాయలు మించి పెట్టలేని మెకానిక్, ట్యూషన్ సెంటర్, చీరల వ్యాపారి ఈ వేలంలోకి దిగొచ్చా అన్నదే అసలు ప్రశ్న. ‘పెడితే చాలు, కస్టమర్లు వచ్చిపడతారు’ అని ప్రకటనలు అమ్మేవాళ్లు చెబుతారు. ‘డబ్బంతా పోయింది’ అని ఒకసారి చేయి కాలినవాళ్లు చెబుతారు. ఈ రంగంలో జరిగిన పరిశోధనలనూ, వేలం నడిచే తీరునూ, మన మార్కెట్ పరిస్థితినీ కలిపి చూస్తే రెండు మాటలూ సగం సగమే నిజం. చిన్న బడ్జెట్ ఎక్కువగా హరించుకుపోయేది తన పనికి సంబంధం లేని వెతుకులాటల మీద. దాన్ని కాపాడుకునే సాధనాలు చిన్న వ్యాపారి చేతిలోనే ఉన్నాయి.

వేలం పుట్టిన తీరు

1998లో అమెరికాలో బిల్ గ్రాస్ గోటు.కామ్ అనే సెర్చ్ సైట్ మొదలుపెట్టాడు. ఒక పదం వెతికినప్పుడు ఎవరి పేరు పైన రావాలో వేలంలో తేల్చడం, ఎవరైనా నొక్కితేనే డబ్బు తీసుకోవడం అనే పద్ధతిని వ్యాపారంగా నిలబెట్టింది ఆ సంస్థే. తర్వాత అది ఓవర్చర్‌గా పేరు మార్చుకుంది. 2003లో యాహూ దాన్ని సుమారు 163 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

గూగుల్ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ ప్రారంభించినప్పుడు, ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్కన డబ్బు వసూలు చేసేది. 2002లో క్లిక్ లెక్కకు మారింది. అప్పుడే ఒక కీలకమైన మార్పు కూడా తెచ్చింది. ఎవరు ఎంత పాడారన్నదానితో పాటు, ఆ ప్రకటనను జనం ఎంతగా నొక్కుతున్నారన్నదీ లెక్కలోకి తీసుకుంది. ఓవర్చర్ పేటెంట్ దావాను 2004లో, షేర్ మార్కెట్‌లోకి అడుగుపెట్టే ముందు, 27 లక్షల షేర్లు ఇచ్చి గూగుల్ పరిష్కరించుకుంది. 2018లో యాడ్‌వర్డ్స్ పేరు గూగుల్ యాడ్స్‌గా మారింది.

2002 నాటి ఆ మార్పు చిన్న వ్యాపారికి ఈనాటికీ ముఖ్యమే. డబ్బు ఒక్కటే కొలత అయితే, చేతిలో ఎక్కువ ఉన్నవాడే ప్రతి పదం దగ్గరా గెలుస్తాడు.

ఎక్కువ పాడినవాడికే పైచోటు కాదు

లెక్కను బాగా సరళం చేసి చూద్దాం. ఒకే పదానికి ముగ్గురు పాట పాడారు. మొదటివాడి పాట 30 రూపాయలు, అతని ప్రకటన నాణ్యతకు 4 మార్కులు. రెండోవాడి పాట 20 రూపాయలే, నాణ్యత 8. మూడోవాడిది 25 రూపాయలు, నాణ్యత 4. పాటను నాణ్యతతో హెచ్చిస్తే వరుసగా 120, 160, 100 వస్తాయి. అందరికంటే తక్కువ పాడిన రెండోవాడికే పైచోటు. పైగా అతను కట్టాల్సింది తన 20 రూపాయలు కాదు, తన కింద ఉన్న 120ని దాటడానికి ఎంత చాలో అంతే. అంటే 15 రూపాయలకు కాస్త పైన. రెండో చోటుకు వెళ్లిన 30 రూపాయల పాటగాడు దాదాపు 25 రూపాయలు కడతాడు. ఈ తరహా వేలాన్ని ఎడెల్మన్, ఓస్ట్రోవ్‌స్కీ, ష్వార్జ్ అనే ఆర్థికవేత్తలు 2007లో విశ్లేషించారు. అదే ఏడాది గూగుల్ ముఖ్య ఆర్థికవేత్త హాల్ వేరియన్ కూడా దీనిపై వ్యాసం ప్రచురించారు.

ఇప్పటి వేలం ఇంతకంటే చిక్కైనది. వెతికినవాళ్ల ఊరు, ఫోన్, సమయం, పోటీ తీవ్రత, దాటాల్సిన కనీస మెట్టు అన్నీ అందులో కలుస్తాయి. ఖాతాలో 1 నుంచి 10 వరకు కనిపించే క్వాలిటీ స్కోరు వేలంలో నేరుగా వాడే అంకె కాదు, పరిస్థితి చెప్పే సూచిక. ప్రకటనను నొక్కే అవకాశం ఎంత, వెతికినదానికి ప్రకటన ఎంత దగ్గరగా ఉంది, నొక్కిన తర్వాత తెరుచుకునే పేజీ ఎంత ఉపయోగపడుతోంది అనే మూడింటిని అది చూపిస్తుంది.

ఇది పూర్తిగా న్యాయమైన సంత అని మాత్రం అనుకోకూడదు. 2024 ఆగస్టులో అమెరికా ఫెడరల్ న్యాయమూర్తి అమిత్ మెహతా, సెర్చ్‌లోనూ సెర్చ్ టెక్స్ట్ ప్రకటనల్లోనూ గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకుందని తీర్పు ఇచ్చారు. సరైన పోటీ అడ్డు లేకుండా టెక్స్ట్ ప్రకటనల ధరలు పెంచగలిగిందని కూడా అందులో పేర్కొన్నారు. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2018లోనే శోధన ఫలితాల్లో పక్షపాతం చూపినందుకు గూగుల్‌పై రూ. 135.86 కోట్ల జరిమానా వేసింది. వేలం నడిపేవాడే సరుకు అమ్మేవాడు కూడా. అతను ఇచ్చే సలహాను ఆ ఎరుకతోనే వినాలి.

ముందు కాగితం మీద లెక్క

ఖాతా తెరవక ముందే వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. ఏసీ రిపేర్ చేసే ఒక వ్యాపారికి ఒక పిలుపు మీద మెకానిక్ కూలీ, పెట్రోలు పోగా రూ. 450 మిగులుతుంది. ప్రకటన నొక్కిన అయిదుగురిలో ఒకరు ఫోన్ చేస్తారు. ఫోన్ చేసిన ముగ్గురిలో ఒకరు పని ఇస్తారు. అంటే ఒక కస్టమర్ దక్కడానికి 15 క్లిక్‌లు కావాలి. 450ని 15తో భాగిస్తే 30. క్లిక్‌కు 30 రూపాయలు దాటితే మొదటి పిలుపులోనే నష్టం.

క్లిక్ ధరకు 18 శాతం జీఎస్టీ కలపాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోగలిగేవాళ్లకు అది తిరిగి వస్తుంది. కాంపొజిషన్ పథకంలో ఉన్నవాళ్లకూ, రిజిస్ట్రేషన్ లేనివాళ్లకూ అది ఖర్చే. ముందుగా డబ్బు వేసుకునే ఖాతాలో వెయ్యి రూపాయలు వేస్తే ప్రకటనలకు మిగిలేది సుమారు రూ. 847. కాబట్టి పై ఉదాహరణలో అసలు పరిమితి 30 కాదు, దాదాపు 25 రూపాయలు.

నెలకు రూ. 9,000 పెట్టగలిగితే పన్ను పోను మిగిలేది సుమారు రూ. 7,600. గూగుల్ నెల లెక్కను రోజువారీ బడ్జెట్‌కు 30.4 రెట్లుగా కడుతుంది కాబట్టి రోజుకు రూ. 250 అవుతుంది. ఒక్కో రోజు మాత్రం ఇది రెట్టింపు దాకా, అంటే రూ. 500 వరకు వెళ్లొచ్చు. ఎండ మండిన రోజున ఎక్కువ, వాన పడిన రోజున తక్కువ ఖర్చవుతుంది. నెల మొత్తం మాత్రం పరిమితి దాటదు. ఈ సంగతి తెలియని కొత్తవాళ్లు మొదటి వారంలోనే కంగారుపడి ప్రకటన ఆపేస్తుంటారు.

25 రూపాయల చొప్పున నెలకు 300కు పైగా క్లిక్‌లు, దాదాపు 20 మంది కస్టమర్లు. రాబడి రూ. 9,000, ఖర్చు రూ. 9,000. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు అయిదుగురిలో ఒకరు కాకుండా నలుగురిలో ఒకరైతే కస్టమర్‌కు 12 క్లిక్‌లే చాలు. అదే ఖర్చుకు 25 మంది వస్తారు, రెండు వేలకు పైగా మిగులుతుంది. అందులో కొందరు ఏటా సర్వీసింగ్‌కు పిలిస్తే లెక్క ఇంకా మారుతుంది. క్లిక్ ధర మన చేతిలో పెద్దగా ఉండదు. నొక్కినవాళ్లలో ఎంతమంది ఫోన్ చేస్తారన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది.

ఈ లెక్కే ఎవరు దిగకూడదో కూడా చెబుతుంది. వస్తువు మీద 40 రూపాయలే మిగిలి, ఒక్కసారి కొన్న కస్టమర్ మళ్లీ రాని వ్యాపారం ఈ వేలంలో నిలబడదు.

ఏ పదాలకు డబ్బు కట్టాలి

చిన్న బడ్జెట్ తగలబడేది ఇక్కడే. గూగుల్‌లో ఒక పదాన్ని మూడు రకాలుగా కొనొచ్చు. బ్రాడ్ మ్యాచ్‌లో మన పదానికి సంబంధం ఉందని గూగుల్ భావించిన ఏ వెతుకులాటకైనా ప్రకటన వస్తుంది. ఫ్రేజ్ మ్యాచ్‌లో మన పదబంధం అర్థం ఆ వెతుకులాటలో ఇమిడి ఉండాలి. ఎగ్జాక్ట్ మ్యాచ్‌లో అదే అర్థం, అదే ఉద్దేశం ఉండాలి. పేరుకు ‘ఎగ్జాక్ట్’ అయినా అక్షరం అక్షరం కలవాలన్న నియమాన్ని గూగుల్ 2014 నుంచి విడతలవారీగా సడలిస్తూ వచ్చింది. ఏ రకమూ ఎంచకుండా పదం రాస్తే అది బ్రాడ్ మ్యాచే అవుతుంది.

‘ఏసీ రిపేర్’ అనే పదాన్ని బ్రాడ్‌గా వదిలేస్తే ఎవరెవరు వస్తారో ఊహించండి. ఏసీ మెకానిక్ ఉద్యోగం వెతికే కుర్రాడు, ఐటీఐ కోర్సు ఫీజు చూసే విద్యార్థి, ఇంట్లో తానే బాగుచేసుకోవాలని వీడియో వెతికేవాడు, కారు ఏసీ చెడిపోయినవాడు, సెకండ్ హ్యాండ్ ఏసీ కావాలనుకునేవాడు. వీళ్లలో ఒక్కరూ కస్టమర్ కారు. పది క్లిక్‌లలో నాలుగు ఇలాంటివైతే రోజుకు 100 రూపాయలు పోయినట్టే.

దీనికి మందు నెగెటివ్ కీవర్డ్‌లు, అంటే ఈ మాట ఉన్న వెతుకులాటకు ప్రకటన చూపించొద్దని మనం చెప్పే పదాలు. ఉద్యోగం, జీతం, కోర్సు, శిక్షణ, వీడియో, కారు, బస్సు, సెకండ్ హ్యాండ్ లాంటి పదాలను మొదటిరోజే నెగెటివ్ జాబితాలో పెట్టాలి. ఇవి పర్యాయపదాలకు తమంతట తాము వర్తించవు కాబట్టి ‘జాబ్’, ‘ఉద్యోగం’ రెండూ విడివిడిగా రాసుకోవాలి. ఆ తర్వాత వారం వారం సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచి, జనం నిజంగా ఏం టైప్ చేస్తే మన డబ్బు తెగిందో చదవాలి. 2020 సెప్టెంబరులో గూగుల్ ఈ రిపోర్టును కుదించి, తక్కువమంది వెతికిన పదాలను చూపించడం తగ్గించింది. అయినా చిన్న వ్యాపారి డబ్బును దీనికంటే ఎక్కువగా కాపాడే పేజీ ఖాతాలో మరొకటి లేదు.

పది, పదిహేను పదాలతో మొదలుపెడితే చాలు. ‘ఏసీ’ అనే ఒంటి పదం వద్దు. పని పేరు, ఊరు లేదా పేట పేరు, అవసరం మూడూ కలిసిన పదబంధాలు కావాలి: బెంజ్ సర్కిల్ ఏసీ రిపేర్, స్ప్లిట్ ఏసీ గ్యాస్ ఫిల్లింగ్ విజయవాడ, ఏసీ నీళ్లు కారుతోంది రిపేర్. వీటిని వెతికేవాళ్లు కొద్దిమందే అయినా పని చేయించుకునే ఉద్దేశం ఉన్నవాళ్లు. పెద్ద కంపెనీ ఊరంతటి మీదా పాట పాడుతుంది. ఒక పేట, ఒక పని మీద పాడే చిన్నవాడు అక్కడ దానికంటే దగ్గరి జవాబు ఇవ్వగలడు. నాణ్యత మార్కులు ఆ దగ్గరితనానికే వస్తాయి.

తెలుగులో వెతికేవాళ్లు

మన జనం ఒకే అవసరాన్ని మూడు రకాలుగా వెతుకుతారు. ఇంగ్లీషు మాటల్లో, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, తెలుగు లిపిలో లేదా ఫోన్‌కు నోటితో చెప్పి. గూగుల్ యాడ్స్‌లో తెలుగులో ప్రకటనలు ఇవ్వొచ్చు. కానీ మన కీవర్డ్ దానంతట అదే తెలుగులోకి మారదు. మూడు రూపాల్లోనూ మనమే రాయాలి.

ఇక్కడొక చిక్కుంది. వెతికేవాళ్లు మరీ తక్కువగా ఉన్న పదాన్ని గూగుల్ పక్కన పెడుతుంది, దానికి ప్రకటన చూపించదు. తెలుగు లిపిలో చాలా నిర్దిష్టమైన పదబంధాలకు ఈ గతి పట్టే అవకాశం ఉంది. అందుకే తెలుగులో కాస్త విశాలమైన పదాలు, ఇంగ్లీషులో నిర్దిష్టమైన పదాలు పెట్టుకోవడం మేలు. ప్రకటన పాఠంలో మాత్రం తెలుగు ఉండాలి. శీర్షికకు 30 అక్షరాలు, వివరణకు 90 అక్షరాలే చోటు కాబట్టి ‘నాణ్యమైన సేవలకు మమ్మల్ని సంప్రదించండి’ లాంటి వాక్యానికి అక్కడ తావు లేదు. ‘విజిట్ చార్జీ రూ. 300’, ‘ఈరోజే వస్తాం’, ‘పటమట, మొగల్రాజపురం’. వెతికినవాళ్లకు కావలసింది ఈ మూడు ముక్కలు.

తెలుగువాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారన్న సంగతి కొన్ని వ్యాపారాల్లో లెక్కను మారుస్తుంది. గుంటూరులో ఉన్న తల్లిదండ్రుల ఇంట్లో ఇన్వర్టర్ చెడిపోతే డాలస్‌లో ఉన్న కొడుకు అక్కడినుంచే వెతికి మనిషిని పంపించే రోజులివి. వృద్ధుల సంరక్షణ, ఇంటి పనులు, స్థలాల అమ్మకం, పచ్చళ్ల పార్సిల్ వంటి వ్యాపారాలకు అసలు కస్టమర్ అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండొచ్చు. వాళ్లకు విడిగా ఒక క్యాంపెయిన్ నడపాలి. అక్కడి క్లిక్ ధరలు వేరు, మేలుకునే వేళలు వేరు.

మొదటిరోజే మార్చాల్సినవి

కొత్త ఖాతా తెరిచినప్పుడు గూగుల్ ముందుగానే ఎంచి పెట్టే సెట్టింగులు చాలావరకు ప్రకటన ఎక్కువమందికి చేరేలా ఉంటాయి. చిన్న బడ్జెట్‌కు కావలసింది అందుకు వ్యతిరేకం.

ఊరి సెట్టింగ్‌లో ‘ఆ ఊళ్లో ఉన్నవాళ్లు’ అనేదానితో పాటు ‘ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లు’ కూడా కలిసి ఉంటుంది. ఏసీ మెకానిక్‌కు మొదటిది మాత్రమే ఉంచాలి. పైన చెప్పిన ప్రవాసుల వ్యాపారాలకు రెండోది పనికొస్తుంది. సెర్చ్ క్యాంపెయిన్‌లో ఇతర వెబ్‌సైట్లలో బొమ్మల ప్రకటనలు చూపించే డిస్‌ప్లే నెట్‌వర్క్ టిక్ మార్కు ఉంటే తీసేయాలి. సెర్చ్ పార్ట్‌నర్స్ కూడా మొదట్లో వద్దు. సిఫార్సులను తనంతట తానే అమలు చేసే ఆటో అప్లై ఆపాలి. ఖాతాలో కనిపించే ఆప్టిమైజేషన్ స్కోరు వంద చేరలేదని బెంగపడక్కర్లేదు. అది గూగుల్ సిఫార్సులను ఎంతవరకు పాటించామన్న కొలత, మన లాభానికి కొలత కాదు.

ప్రకటన వేళలు కూడా ముఖ్యం. ఫోన్ ఎత్తే మనిషి లేని రాత్రి పదకొండింటికి ప్రకటన నడిస్తే ఆ క్లిక్ పక్కింటి పోటీదారుడికి కస్టమర్‌ను తయారుచేసి ఇచ్చినట్టే.

‘ఇంత ఖర్చు పెడితే అంత క్రెడిట్ ఉచితం’ అనే ఆఫర్లు కొత్త ఖాతాలకు వస్తుంటాయి. వాటిలో ముందు మన డబ్బు ఖర్చవ్వాలన్న షరతు ఉంటుంది. క్రెడిట్ కోసం బడ్జెట్ పెంచడం తప్పు. ఏజెన్సీకి అప్పగించేవాళ్లు ఖాతా తమ ఈమెయిల్ మీదే తెరిపించుకోవాలి. ఖర్చులో శాతం లెక్కన ఫీజు తీసుకునే ఏజెన్సీకి మన ఖర్చు తగ్గించాలన్న ఆసక్తి సహజంగానే తక్కువ. ఎవరైనా ‘మొదటి స్థానం గ్యారంటీ’ అంటే, ప్రతి వెతుకులాటకూ కొత్తగా జరిగే వేలంలో అలాంటి గ్యారంటీకి ఆస్కారమే లేదని గుర్తుపెట్టుకోవాలి.

నొక్కిన తర్వాత

ప్రకటన నొక్కితే తెరుచుకునే పేజీ సగం యుద్ధం. వెతికిన పని పేరు పైనే కనిపించాలి. ధర లేదా ధర ఎలా కడతారో చెప్పాలి. ఏయే పేటలకు వస్తారో ఉండాలి. ఒక్కసారి నొక్కితే ఫోన్ కలవాలి, పక్కనే వాట్సాప్ ఉండాలి. పాత ఫోన్‌లో, బలహీనమైన సిగ్నల్‌లో కూడా తొందరగా తెరుచుకోవాలి. వెబ్‌సైట్ లేకపోయినా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితంగా పెట్టుకోవచ్చు. మ్యాప్‌లో చోటు, కస్టమర్ల రివ్యూలు, ఫోన్ నంబరు దాంట్లోనే ఉంటాయి. ప్రకటనకు రూపాయి పెట్టే ముందే అది పూర్తి చేసి, పాత కస్టమర్ల చేత నిజమైన రివ్యూలు రాయించుకోవాలి.

ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ‘మా నంబరు ఎక్కడ చూశారు?’ అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవడం చిన్న వ్యాపారికి సులువైన కొలత. ఖాతాలో ఫోన్ కాల్‌ను కన్వర్షన్‌గా, అంటే ప్రకటన తెచ్చిన ఫలితంగా, లెక్కించే ఏర్పాటు కూడా చేసుకోవాలి. పేజీ తెరిచినవాళ్లను కన్వర్షన్‌గా లెక్కిస్తే అంకెలు అందంగా ఉంటాయి, గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది.

పరిశోధనలు ఏం తేల్చాయి

సెర్చ్ ప్రకటనలు నిజంగా అమ్మకాలు పెంచుతాయా అన్నదాని మీద ఎక్కువగా చర్చకు వచ్చింది ఈబే ప్రయోగం. థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడేలిస్ దీన్ని 2015లో ఎకనామెట్రికాలో ప్రచురించారు. ‘ఈబే’ అనే తన పేరు మీదే ఇస్తున్న ప్రకటనలను కొన్ని సెర్చ్ సైట్లలో ఆపి చూస్తే, పోయిన క్లిక్‌లలో 99.5 శాతం ఉచిత ఫలితాల ద్వారానే తిరిగి వచ్చాయి. తన పేరు కాని పదాల మీద కూడా సగటున పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఎందుకంటే ఖర్చులో ఎక్కువ భాగం ఎలాగూ ఈబేకు వచ్చే పాత కస్టమర్ల క్లిక్‌లకే పోయింది. ఈబే అంతగా తెలియని, ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్ల మీద మాత్రం ప్రకటన పనిచేసింది.

దీన్ని ‘సెర్చ్ ప్రకటనలు దండగ’ అని చదివినవాళ్లున్నారు. అది తొందరపాటు. వైజియా దాయ్, హ్యున్‌జిన్ కిమ్, మైకేల్ లూకా అమెరికాలో యెల్ప్ అనే వేదిక మీద 18 వేలకు పైగా రెస్టారెంట్లతో ప్రయోగం చేశారు. వాటిలో కొన్నింటికి యాదృచ్ఛికంగా ఉచిత ప్రకటనలు ఇచ్చారు. ప్రకటన వచ్చిన చోట పేజీ చూసినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు పెరిగారు. చైన్ హోటళ్ల కంటే సొంత హోటళ్లకు, మంచి రేటింగ్ ఉన్నవాటికి ఎక్కువ మేలు జరిగింది.

రెండింటినీ కలిపి చదివితే ఒక సూత్రం కనిపిస్తుంది. మనం ఎవరో ముందే తెలిసినవాళ్లకు ప్రకటన చూపిస్తే డబ్బు వృథా. మనం ఉన్నామని తెలియక, మన పనే వెతుకుతున్నవాళ్లకు చూపిస్తే ప్రయోజనం. ఊళ్లో పేరు లేని మంచి పనివాడికి ఈ ప్రకటనలు ఎక్కువ ఉపయోగపడేది అందుకే. పనితనం బాగాలేని వ్యాపారానికి ఇవి రివ్యూలలో చెడ్డపేరును మరింతమందికి చూపిస్తాయి. సొంత దుకాణం పేరు మీద పాట పాడటం మొదట్లో అక్కర్లేదు. పోటీదారు ఎవరైనా మన పేరు మీద ప్రకటన ఇస్తున్నప్పుడే దాని గురించి ఆలోచించాలి.

మరో హెచ్చరిక ర్యాండాల్ లూయిస్, జస్టిన్ రావు 2015లో ప్రచురించిన అధ్యయనం నుంచి వస్తుంది. 25 పెద్ద ప్రయోగాలను పరిశీలించి, ప్రకటన రాబడిని కచ్చితంగా కొలవడం భారీ సంస్థలకు కూడా ఎంత కష్టమో వాళ్లు చూపించారు. కొనుగోళ్లలో సహజంగా ఉండే ఎగుడుదిగుళ్లు ప్రకటన ప్రభావాన్ని ముంచేస్తాయి. నెలకు 20 మంది కస్టమర్లు వచ్చే మన ఉదాహరణలో వారానికి అయిదుగురు రావాలి. ఒక వారం ఇద్దరే వచ్చి, మరో వారం ఎనిమిది మంది వచ్చినా అది యాదృచ్ఛికమే కావచ్చు. వారం ఫలితం చూసి ప్రకటనను పొగడటం, తిట్టడం రెండూ తప్పే. కనీసం రెండు మూడు నెలలు ఒకే పద్ధతిలో నడిపి, తర్వాత తేల్చాలి. ఆ మూడు నెలల డబ్బు పోయినా వ్యాపారం నిలబడగలిగితేనే మొదలుపెట్టాలి.

యంత్రానికి ఎంత వదలాలి

గూగుల్ కొన్నేళ్లుగా ప్రకటనలను యంత్రం చేతికి అప్పగించమంటోంది. 2021లో పెర్ఫార్మెన్స్ మ్యాక్స్, 2025లో సెర్చ్ క్యాంపెయిన్లకు ఏఐ మ్యాక్స్ వచ్చాయి. 2022 జూన్ నుంచి కొత్తగా ఇచ్చే టెక్స్ట్ ప్రకటనల్లో 15 వరకు శీర్షికలు, 4 వివరణలు ఇస్తే ఏవి కలిపి చూపించాలో యంత్రమే నిర్ణయిస్తుంది. పాటలు కూడా యంత్రమే పాడే స్మార్ట్ బిడ్డింగ్ చాలా ఖాతాల్లో మామూలైపోయింది.

ఇది చెడ్డదేమీ కాదు. కానీ యంత్రం నేర్చుకోవడానికి ఆధారాలు కావాలి. నెలకు పది కాల్స్ కూడా రాని ఖాతాలో అది గుడ్డిగా తడుముతుంది. అందుకే మొదటి నెలల్లో క్లిక్‌కు గరిష్ఠ పరిమితి మనమే పెట్టి నడపడం సురక్షితం. కాల్స్ లెక్క కొన్ని డజన్లు దాటి, ఆ లెక్క నమ్మదగినదైన తర్వాత యంత్రానికి పాట అప్పగించి చూడొచ్చు. తప్పు కన్వర్షన్‌ను లెక్కించే ఖాతాలో యంత్రం ఎంత తెలివైనదైతే అంత వేగంగా డబ్బు పోగొడుతుంది.

దొంగ క్లిక్‌ల భయం చాలామందికి ఉంది. అది పాత సమస్యే. 2006లో అమెరికాలో ఈ ఆరోపణల మీద నడిచిన లేన్స్ గిఫ్ట్స్ దావాను గూగుల్ 9 కోట్ల డాలర్లతో పరిష్కరించుకుంది. చెల్లని క్లిక్‌లను గుర్తించి డబ్బు తీసుకోకపోవడం, తీసుకుంటే తిరిగివ్వడం ఇప్పుడు వ్యవస్థలో భాగం. అన్నీ దొరుకుతాయని కాదు. అయినా చిన్న ఖాతాలో దొంగ క్లిక్‌ల కంటే తప్పు పదాల మీద పోయే డబ్బే ఎక్కువ అన్నది నా అభిప్రాయం.

చట్టం గీసిన గీతలు

కొన్ని వృత్తులకు ఈ దారి మూసి ఉంది. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం న్యాయవాదులు ప్రకటనలతో పని అడగకూడదు. వైద్యుల ప్రకటనలకు 2002 నాటి ప్రవర్తనా నియమావళి కఠిన పరిమితులు పెట్టింది. కొన్ని జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది. స్థలాలు, ఫ్లాట్ల ప్రాజెక్టు ప్రకటనల్లో రెరా నమోదు సంఖ్య ఉండాలి.

పోటీదారు బ్రాండ్ పేరును కీవర్డ్‌గా కొనొచ్చా? ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థ వేసిన కేసులో 2023 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు దీనికి సమాధానం చెప్పింది. అలా కొనడం ట్రేడ్‌మార్క్ వాడకమేననీ, అయితే కొనుగోలుదారు పొరబడే పరిస్థితి లేకపోతే అదొక్కటే ఉల్లంఘన కాదనీ తేల్చింది. చట్టం ఎలా ఉన్నా చిన్న బడ్జెట్‌కు అది మంచి బేరం కాదు. ఇంకొకరి పేరు వెతికినవాళ్లకు మన ప్రకటన దగ్గరి జవాబు కాదు కాబట్టి నాణ్యత మార్కులు తక్కువ, ధర ఎక్కువ. కంపెనీ కస్టమర్ కేర్‌లా నటించే ప్రకటనలైతే మోసమే. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మన పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

చివరి తీర్పు

సెర్చ్ ప్రకటన కోరికను పుట్టించదు, ఉన్న కోరికను అందుకుంటుంది. మంగళగిరి చీర గురించి ఎప్పుడూ వినని అమ్మాయికి దాన్ని పరిచయం చేయాలంటే ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ లాంటి చోట్లే మేలు. మంగళగిరి చీర కావాలని టైప్ చేసినామెకు మాత్రం సెర్చ్ ప్రకటన సరైన జవాబు. ఆగిన ఏసీ, కారే పైపు, పరీక్షకు ముందు ట్యూషన్, పెళ్లికి ముందు క్యాటరింగ్ లాంటి తక్షణ అవసరాలు తీర్చేవాళ్లకు ఈ మార్గం బాగా సరిపోతుంది.

చిన్న వ్యాపారి దిగొచ్చు అన్నదే నా తీర్పు. అయితే మూడు షరతులు నెరవేరాలి. తాను చేసే పనిని జనం నిజంగా వెతుకుతూ ఉండాలి. ఒక కస్టమర్ మీద మిగిలే డబ్బు పది, పదిహేను క్లిక్‌ల ఖర్చును మోయగలగాలి. వచ్చిన ప్రతి కాల్‌నూ లెక్కపెట్టే ఓపిక ఉండాలి. మొదటిది లేకపోతే వేరే ప్రచారం చూసుకోవాలి, రెండోది లేకపోతే ధరనో సరుకునో మార్చుకోవాలి, మూడోది లేకపోతే ఎంత బడ్జెట్ ఉన్నా ఎక్కడ పోతోందో తెలియదు.

ఉచిత బిజినెస్ ప్రొఫైల్, ఒక మంచి పేజీ, పదిహేను పదాలు, పొడవైన నెగెటివ్ జాబితా, రెండు మూడు పేటలు, పగటి వేళలు, మూడు నెలల ఓపిక. ఈ క్రమంలో మొదలుపెట్టినవాడికి రోజుకు 250 రూపాయలు చాలు. నాలుగో నెలలో బడ్జెట్ పెంచాలా, ఆపాలా అన్న నిర్ణయాన్ని ఏజెన్సీ నివేదికకో గూగుల్ సిఫార్సుకో వదిలేయకుండా, సొంత నోట్‌బుక్‌లోని కాల్స్ లెక్క చూసి తీసుకోవాలి.